మూడు నెలల షుగర్ పరీక్ష: హెచ్‌బీఏ1సీ రిపోర్టును ఎలా చదవాలి?

రిపోర్టు చేతికి రాగానే అంకె కంటే ముందు ఆ అంకె ఏ పేరుకు ఎదురుగా ఉందో చూడండి. హెచ్‌బీ 7 అని ఉంటే ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని, హెచ్‌బీఏ1సీ 7 అని ఉంటే షుగర్ చాలావరకు అదుపులో ఉందని అర్థం. రెండు పేర్ల మొదలూ ఒకటే కావడంతో, ‘అమ్మకు హెచ్‌బీ ఏదో ఏడు వచ్చిందట’ అని ఫోన్‌లో విన్న బంధువులు దానిమ్మపళ్లూ ఖర్జూరాలూ పట్టుకొని రావడం మా ఇంట్లోనే జరిగింది. ఆ ఖర్జూరాలు తినవలసిన మనిషికి పదకొండేళ్లుగా షుగర్ ఉంది.

ఈ పరీక్షను వాడుకలో ‘మూడు నెలల షుగర్’ అంటారు. ఆ మాట తప్పు కాదు గానీ సగమే చెబుతుంది. మిగతా సగం హిమోగ్లోబిన్‌ది. ఆ సంగతి మరిచిపోవడం వల్లనే ఇళ్లలో ఈ రిపోర్టును తప్పుగా చదువుతుంటారు కాబట్టి, ముందు పేరును విడదీసి చూడండి.

పేరులో ఏముంది

హెచ్‌బీ అంటే హిమోగ్లోబిన్, అంటే ఎర్ర రక్తకణాల్లో ఉండి ఊపిరితిత్తుల నుంచి ఒళ్లంతటికీ ప్రాణవాయువును మోసే పదార్థం. తర్వాతి ‘ఏ’ పెద్దవారి ఒంట్లో ఉండే సాధారణ రకాన్ని సూచిస్తుంది. గర్భంలోని శిశువుకు ఉండే రకం వేరు. ఈ హిమోగ్లోబిన్-ఏను ప్రయోగశాలలో విడదీసినప్పుడు ప్రధాన భాగం కంటే ముందుగా బయటపడే చిన్న భాగాలకు ఏ1ఏ, ఏ1బీ, ఏ1సీ అని వరుసగా పేర్లు పెట్టారు. మనకు కావలసినది ఆ వరుసలో చివరిది, గ్లూకోజు అంటుకొని ఉన్న భాగం. రక్తంలో గ్లూకోజు ఎంత ఎక్కువగా, ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ హిమోగ్లోబిన్‌కు అది అంటుకుంటుంది. ఒకసారి గట్టిగా పట్టుకున్నాక ఆ కణం చనిపోయేదాకా వదలదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఏడు శాతం అంటే హిమోగ్లోబిన్‌లో నూటికి ఏడు పాళ్లకు గ్లూకోజు అంటుకొని ఉందన్నమాట. రక్తంలో ఏడు శాతం చక్కెర ఉందని కొందరు అనుకుంటారు, అది పొరపాటు.

1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్బర్ అనే వైద్యుడు అసాధారణ హిమోగ్లోబిన్ల కోసం రోగుల రక్తాన్ని వెతుకుతుండగా, షుగర్ ఉన్నవారి నమూనాల్లో, విడదీసిన హిమోగ్లోబిన్‌లో, ఒక వింత చార ఆయన కంటపడింది. షుగర్ కోసం వెతికి కనిపెట్టిన పరీక్ష కాదిది. హిమోగ్లోబిన్‌ను గాలిస్తుంటే దొరికింది. ఈ విషయం కింద సీబీపీ (హిమోగ్లోబిన్‌నూ రక్తకణాల లెక్కనూ చూపే పూర్తి రక్త పరీక్ష) దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మూడు నెలల సగటు అన్నారు కదా అని మూడు నెలలకూ సమాన వాటా ఉంటుందని అనుకోవద్దు. రక్తం ఇచ్చిన రోజుకు ముందు 30 రోజులదే దాదాపు సగం వాటా. అంతకు ముందు నెలది పావు వంతు, ఆ వెనకటి రెండు నెలలదీ కలిపి మరో పావు. సంక్రాంతికి అరిసెలూ సున్నుండలూ తిని ఫిబ్రవరి రెండో వారంలో పరీక్ష చేయించుకుంటే, వచ్చిన అంకెలో సుమారు సగం ఆ పండగ నెలదే. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి అన్నం మానేసి పథ్యం చేస్తే పరగడుపు షుగర్ కాస్త తగ్గవచ్చు గానీ, ఈ అంకె కదలదు.

రక్తం ఇచ్చే ముందు

హెచ్‌బీఏ1సీ ఒక్కటే చేయించుకునేటట్లయితే పరగడుపున వెళ్లనవసరం లేదు. ఎప్పటిలాగే టిఫిన్ తిని, మాత్ర వేసుకొని, తీరిక ఉన్న వేళ వెళ్లవచ్చు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకొనో ఇన్సులిన్ తీసుకొనో, ఏమీ తినకుండా ల్యాబ్ ముందు గంటన్నర కూర్చుంటే షుగర్ 70 కంటే దిగువకు పడిపోయి, చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. అదే రోజు పరగడుపు షుగర్ కూడా ఇవ్వవలసి ఉంటే పొద్దున్నే ల్యాబ్ తెరిచే వేళకు వెళ్లండి; మాత్రను, ఇన్సులిన్‌ను రక్తం ఇచ్చాక తిండితో కలిపి తీసుకోవచ్చా అని మీ డాక్టర్‌ను ముందురోజే అడిగి పెట్టుకోండి. తిన్న రెండు గంటల షుగర్ కూడా ఉంటే, ఆ రెండు గంటలను తినడం ముగించినప్పటి నుంచి కాక మొదటి ముద్ద నోట పెట్టుకున్నప్పటి నుంచి లెక్కపెట్టాలి.

ఈ పరీక్షకు ఊదారంగు మూత ఉన్న గొట్టంలో కొద్దిగా రక్తం తీసుకుంటారు. సీబీపీకి వాడేది కూడా అదే రకం గొట్టం. కాబట్టి డాక్టర్ హెచ్‌బీఏ1సీ మాత్రమే రాసినా, ఏడాదిగా సీబీపీ చేయించుకోని పక్షంలో, అది కూడా రాయమని అడగండి. నా సలహాల్లో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే అనుకుంటాను. ఏ పద్ధతిలో చేస్తారో కూడా ల్యాబ్‌లో అడగవచ్చు: హెచ్‌పీఎల్‌సీ అనే, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే యంత్రం మీద చేస్తే రిపోర్టుతో పాటు కొండశిఖరాల వంటి గీతల బొమ్మ ఒకటి ఇస్తారు, దాన్ని పారేయవద్దు. పరీక్ష పద్ధతికి ఎన్‌జీఎస్‌పీ (ల్యాబుల ఫలితాలు ఒకే కొలతకు సరిపోయేలా చూసే అమెరికా కార్యక్రమం) గుర్తింపు ఉన్నట్టు రిపోర్టు కింద రాసి ఉంటే మంచిది. వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు వెళ్లండి, 7.2 వచ్చినచోట మరో ల్యాబ్‌లో 7.5 రావడం అసాధారణమేమీ కాదు, అర శాతం లోపు తేడాను చూసి సంబరపడటం గానీ బెంగపడటం గానీ అనవసరం.

అంకెను ఎలా చదవాలి

రిపోర్టులో కుడివైపు గడిలో ముద్రించే హద్దులు సాధారణంగా ఇలా ఉంటాయి: 5.7 కంటే తక్కువైతే మామూలు, 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం. 6.5 అన్న గీతను అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2010లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో రోగ నిర్ధారణకు ఒప్పుకున్నాయి. అంతకు ముందు ఈ పరీక్షను మందులు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికే వాడేవారు. అయినా ఒక్కసారి 6.5 వచ్చినంత మాత్రాన షుగర్ వ్యాధి ఖాయమైపోదు. అతిదాహం, అతిమూత్రం, బరువు తగ్గడం వంటి లక్షణాలేవీ లేనప్పుడు, రెండోసారి ఇదే పరీక్ష గానీ, 126 లేదా అంతకు మించిన పరగడుపు షుగర్ గానీ దాన్ని బలపరచాలి.

ఇప్పటికే మందులు వాడుతున్నవారికి శాతం కంటే సగటు షుగర్ రూపంలో చెబితే త్వరగా బోధపడుతుంది. దానికి లెక్క సులభమే: వచ్చిన అంకెను 28.7తో హెచ్చవేసి, 46.7 తీసివేయండి. ఉదాహరణకు 7.4 వస్తే, 7.4 ఇంటు 28.7 అంటే 212.4, అందులో 46.7 పోగా మిగిలేది 166. అంటే గడచిన రెండు మూడు నెలల్లో రాత్రీ పగలూ, తిన్నప్పుడూ తిననప్పుడూ కలిపి మీ సగటు షుగర్ 166 మిల్లీగ్రాముల దగ్గర ఉంది. కాగితం లేకుండా చెప్పాలంటే 6కు 126 అని గుర్తుపెట్టుకొని, పెరిగిన ప్రతి ఒక్కదానికీ 29 చొప్పున కలుపుకుంటూ పోండి. 7కు సుమారు 154, 8కి 183, 9కి 212 వస్తాయి.

పక్కన సీబీపీ పెట్టుకోండి

మా మేనత్తకు ఒక ల్యాబ్ ప్యాకేజీలో హెచ్‌బీఏ1సీ 6.4 వచ్చింది. పక్కనే ఎర్ర అక్షరాలు ఉండటంతో ఆమె ఆ రోజు నుంచే కాఫీలో పంచదార మానేసి, రాత్రి అన్నం మానేసి, పొరుగువారు చెప్పిన కాకరకాయ రసం మొదలుపెట్టింది. నెల తర్వాత డాక్టర్ దగ్గరకు వెళితే, ఆయన మొదటి పేజీని పక్కన పెట్టి మూడో పేజీ తిప్పారు. అక్కడ హెచ్‌బీ 8.2, ఎంసీవీ (ఎర్ర కణాల సగటు పరిమాణం) 68 ఉన్నాయి, రెండూ తక్కువే. పరగడుపు షుగర్ 94, తిన్న తర్వాత 128. ‘మీకు ముందు ఐరన్ కావాలమ్మా, షుగర్ సంగతి తర్వాత చూద్దాం’ అన్నారాయన. మాత్రలు వేసుకొని హెచ్‌బీ 11.6కు చేరాక మళ్లీ చేయిస్తే హెచ్‌బీఏ1సీ 5.7 వచ్చింది.

దీని వెనక ఉన్న సంగతి ఇది. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు కొత్త ఎర్ర కణాల తయారీ మందగించి, రక్తంలో వయసు మళ్లిన కణాల వాటా పెరుగుతుంది. పాత కణం ఎక్కువ రోజులు గ్లూకోజులో నాని ఉంటుంది కాబట్టి, షుగర్ పెరగకపోయినా ఈ అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉన్నచోట, ఈ పరీక్షను సీబీపీ లేకుండా చదవడం కొలపాత్ర సరిచూడకుండా బియ్యం కొలిచినట్టే ఉంటుంది.

దీనికి వ్యతిరేకంగా, కణాలు వయసు తీరకముందే పోతున్నా, కొత్త కణాలు ఎక్కువగా వస్తున్నా అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపించి, లేని ధైర్యాన్ని ఇస్తుంది. ఈమధ్య రక్తం బాగా పోయినవారు, రక్తం ఎక్కించుకున్నవారు, డయాలసిస్‌లో ఉండి రక్తం పెరగడానికి ఎరిత్రోపొయిటిన్ సూదులు వేయించుకుంటున్నవారు, కణాలు చితికిపోయే రకం రక్తహీనత ఉన్నవారు ఈ కోవకు చెందుతారు. రక్తం ఎక్కించుకున్న తర్వాత సుమారు మూడు నెలలు గడిచేదాకా ఈ పరీక్షను నమ్ముకోవద్దు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన తొలి నెలల్లో కూడా కొత్త కణాలు వెల్లువగా వచ్చి అంకె తగ్గుతుంది. అది పథ్యం గొప్పతనమని పొరపడటం తేలిక.

సికిల్ సెల్, తలసీమియా వంటి పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ మార్పులు మూడో సంగతి. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాల్లో, ఆదిలాబాద్, భద్రాద్రి కొత్తగూడెం ప్రాంతాల ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ ఉన్నవారు, దాని వాహకులు (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చినవారు) ఉన్నారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సికిల్ జన్యువు వచ్చినవారిలో హిమోగ్లోబిన్-ఏ అసలు ఉండదు కాబట్టి హెచ్‌బీఏ1సీ అన్న మాటకే అర్థం లేదు. వాహకుల్లో ఫలితం యంత్రాన్ని బట్టి మారుతుంది. హెచ్‌పీఎల్‌సీ బొమ్మను పారేయవద్దన్నది ఇందుకే: మామూలుగా ఉండకూడని శిఖరం ఏదైనా ఉంటే అందులో కనిపిస్తుంది. కుటుంబంలో ఎవరికైనా ఇటువంటి జబ్బు ఉంటే, పరీక్ష రాయించుకునేటప్పుడే డాక్టర్‌కు చెప్పండి. ఇటువంటివారికి రెండు మూడు వారాల సగటును చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష, లేదా ఇంట్లో క్రమం తప్పకుండా గ్లూకోమీటర్‌తో చూసుకోవడం దారి.

ఇంట్లో చూసుకున్న షుగర్‌తో పొసగకపోతే

‘పరగడుపున ఎప్పుడు చూసినా 110 దాటదు, మరి హెచ్‌బీఏ1సీ 8 ఎలా వచ్చింది, ల్యాబ్‌వాళ్లు తప్పు చేశారు’ అన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. రక్తహీనత లేదని సీబీపీలో తేలితే, ల్యాబ్‌ను అనుమానించే ముందు మీరు ఏ వేళల్లో గుచ్చుకొని చూసుకుంటున్నారో గమనించండి. పొద్దున్న ఒక్కసారే చూసేవారికి మధ్యాహ్నం పప్పూ, కూరా, చారూ, పెరుగూ అన్నిటితోనూ అన్నమే తిన్న తర్వాత, సాయంత్రం పునుగులో మిర్చిబజ్జీలో తిన్న తర్వాత షుగర్ ఎక్కడికి వెళుతోందో తెలియదు. ఒక వారం పాటు రోజుకు ఒక పూట చొప్పున మార్చి చూడండి: ఒకరోజు టిఫిన్ తిన్న రెండు గంటలకు, మర్నాడు మధ్యాహ్న భోజనం తర్వాత, ఆ మర్నాడు రాత్రి పడుకునే ముందు. ఆ ఏడెనిమిది అంకెలూ కాగితం మీద రాస్తే, తప్పిపోయిన షుగర్ ఎక్కడుందో చాలాసార్లు దొరికిపోతుంది.

సగటుకు ఉన్న మరో లోపం కూడా తెలుసుకోవాలి. రోజంతా 140కీ 170కీ మధ్య ఉండే మనిషికీ, తెల్లవారుజామున 55కు పడిపోయి మధ్యాహ్నం 280కి ఎగబాకే మనిషికీ ఒకే 7 రావచ్చు. మొదటివారికి అది మంచి ఫలితం. రెండోవారికి అది ప్రమాదాన్ని కప్పిపుచ్చే అంకె.

పిల్లలు విదేశాల్లో ఉంటే

లండన్‌లో ఉన్న కూతురు తన రిపోర్టులో 53 ఉందంటే హడలిపోకండి. బ్రిటన్‌లో ఈ పరీక్షను శాతంలో చెప్పరు, మిల్లీమోల్ లెక్కలో చెబుతారు. ఆ 53 మన 7 శాతమే, అక్కడి 48 మన 6.5. పూర్తి అంకెలకు ఒక చిట్కా ఉంది. మన అంకెలో రెండు తీసేస్తే వారి మొదటి అంకె, మళ్లీ రెండు తీసేస్తే రెండో అంకె: 7 నుంచి 5, 5 నుంచి 3, వెరసి 53. అలాగే 8కి 64, 9కి 75. అమెరికాలో మాత్రం మనలాగే శాతంలోనే ఇస్తారు.

ఎంత ఉండాలి

అందరూ చెప్పే ‘ఏడు లోపు’ అన్న మాట ఊరికే పుట్టలేదు. టైప్-1 మధుమేహం ఉన్నవారిపై అమెరికా, కెనడాల్లో సాగిన డీసీసీటీ అధ్యయనం 1993లో వెలువడింది. సగటున 9 దగ్గర ఉన్నవారితో పోలిస్తే 7 దగ్గర ఉన్నవారిలో కంటి లోపలి రెటీనా పొర దెబ్బతినడం, మూత్రపిండాల జబ్బు, నరాల జబ్బు బాగా తగ్గాయి. 1998లో బ్రిటన్ నుంచి వచ్చిన యూకేపీడీఎస్ అధ్యయనం టైప్-2 వారి విషయంలోనూ అదే దారి చూపింది. అలాగని ఎంత తగ్గితే అంత మంచిదనీ కాదు. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో 6 కంటే కిందికి దించాలని ప్రయత్నించిన అకార్డ్ అధ్యయనంలో, ఆ గుంపులో మరణాలు పెరగడంతో 2008లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈమధ్యే షుగర్ మొదలైన నలభై ఏళ్ల మనిషికి 6.5 తగిన లక్ష్యం కావచ్చు. గుండె, మూత్రపిండాల జబ్బులతో ఒంటరిగా ఉంటున్న డెబ్బై ఎనిమిదేళ్ల తాతగారికి 8 లోపు ఉంటే చాలు, ఆయనకు షుగర్ పడిపోకుండా చూడటం ముఖ్యం. మీ లక్ష్యం ఎంతో డాక్టర్‌ను అడిగి ఫైలు అట్ట మీదే రాయించుకోండి.

అంకె నిలకడగా ఉంటే ఏడాదికి రెండుసార్లు చాలు. మందు మారినా, లక్ష్యం అందకపోయినా మూడు నెలలకొకసారి చేయించుకోవాలి. నెల తిరక్కుండానే మళ్లీ చేయిస్తే డబ్బు దండగే.

ఈ పరీక్ష పనికిరాని చోట్లు

గర్భిణికి షుగర్ వచ్చిందో లేదో ఈ పరీక్షతో తేల్చకూడదు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూసే పరీక్షే దానికి మార్గం, 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భకాల మధుమేహంగా భావిస్తారు. పిల్లల్లో ఉన్నట్టుండి దాహం, అతిమూత్రం, పక్క తడపడం, బరువు తగ్గడం కనిపిస్తే హెచ్‌బీఏ1సీ కోసం ఆగకుండా అప్పటికప్పుడు గ్లూకోమీటర్‌తో షుగర్ చూడాలి. వాంతులు, ఆయాసం కూడా ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. షుగర్ కొద్దిరోజుల్లోనే ఎగసినప్పుడు ఈ అంకె ఇంకా మామూలుగానే కనిపించే అవకాశం ఉంది.

డాక్టర్ దగ్గరకు వెళ్లే ముందు

పదేళ్ల రిపోర్టులను సంచీలో వేసుకొని వెళితే డాక్టర్‌కు చదివే సమయం ఉండదు. ఒక రూళ్ల కాగితం తీసుకొని, పరీక్ష చేయించిన ప్రతిసారికీ ఒక వరుస రాయండి: తేదీ, హెచ్‌బీఏ1సీ, దాని పక్కనే హెచ్‌బీ, ఎంసీవీ, ఒంటి బరువు, చివర ఆ మధ్యలో మారిన మందు. ‘మార్చి 12, 7.4, 10.1, 72, 63 కిలోలు, ఐరన్ మొదలు, మెట్‌ఫార్మిన్ పెంచారు’ అని ఒక వరుస ఉందనుకోండి. జూన్‌లో 6.8 వచ్చి, హెచ్‌బీ 12కు పెరిగి ఉంటే, ఆ తగ్గుదలలో మెట్‌ఫార్మిన్ పాలెంత, ఐరన్ మాత్రల పాలెంత అని డాక్టర్ అడగడానికి, ఇంట్లో రాసుకున్న గ్లూకోమీటర్ అంకెలతో సరిచూడడానికి ఆ ఒక్క వరుస చాలు. అప్పటిదాకా అంకె తగ్గింది కదా అని ఏ మాత్రనూ మీ అంతట మీరు సగం చేయవద్దు.